గోడకు ఇవతల కింది గొంతు

బోధన్ చర్చిలో నేను మూడేళ్ళు కింది గొంతు పాడాను. మగవాళ్ళ వరుసలో చివర, కిటికీ పక్కన నిలబడి నేను గొంతు దించానంటే కిటికీ అద్దాలు సన్నగా జుమ్మనేవి. ముందు వరుసలో ఆడవాళ్ళు ఎవరా అని తలలు తిప్పి చూసేవారు. ఈ సంగతి నేను చెప్పని పెళ్ళి లేదు, చెప్పని దినం లేదు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో మా స్టేషనరీ దుకాణం ముందు బల్ల మీద కూర్చునే నా ఈడు ముసలివాళ్ళకైతే ఆ అద్దాల చప్పుడు కూడా కంఠస్థం. ఒకడికి పాత కుస్తీల గొప్ప, ఇంకొకడికి పెద్ద ఆఫీసరుతో కలిసి చాయ్ తాగిన గొప్ప. హిందువుల ఇంట్లో పుట్టి చర్చిలో పాడిన గొప్ప మాత్రం ఆ బల్ల మీద నా ఒక్కడిదే. అందుకే దాన్ని దుమ్ము పట్టకుండా వాడుకుంటూ వచ్చాను.

వాడుతూ పోతే ఏ వస్తువైనా ఒకనాడు చేతిలో విరుగుతుంది. మొన్న వానలు వెనుకబట్టిన రోజుల్లో రుద్రూర్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు ప్రశాంతి, బళ్ళో టీచరు, మార్తమ్మ అక్క మనుమరాలు. మార్తమ్మ అక్క ఆ చర్చిలో ఆడవాళ్ళ వరుసకు మొదట నిలబడి పైగొంతు పాడిన మనిషి. ఆమె భర్త ఇమ్మానుయేలన్న చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు, మగవాళ్ళ వరుసలో కింది గొంతు. అన్న పోయి చాలా ఏళ్ళయింది. ప్రశాంతి చెప్పిందేమంటే, ఈసారి కోత పండుగకు చర్చిలో పాత పాట ఒకటి మళ్ళీ పాడాలని అమ్మమ్మ పట్టుబట్టింది. ఆమెకు కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈ యాడాదైతే వస్త, వచ్చే యాడాది ముచ్చట దేవునికెరుక అంటోందట. పాటలో పైగొంతు అమ్మమ్మకే వచ్చు. రెండో గొంతు జక్రాన్‌పల్లిలో ఉన్న ఒకావిడ నేర్పింది. మూడోది హైదరాబాద్‌లో స్థిరపడ్డ పెద్దమనిషి ఫోన్‌లో పాడి పంపాడు. కింది గొంతు వాళ్ళలోనే ఒక్కరూ మిగల్లేదు.

"తాతా, మీరు మా తాత పక్కపొంటి నిలబడి బేస్ పాడేటోళ్ళంట గద. గా వరుస మాకు నేర్పియ్యాలె" అంది. ఏదో పెళ్ళిలో నా మాటలు విన్న బోధన్ మనిషి మోసుకుపోయి అక్కడ దించాడన్నమాట.

నా గొంతు మునుపటిలా లేదమ్మా అని దగ్గాను. గొంతు మా పోరగాళ్ళకున్నది తాతా, వరుసే లేదు అంది. ఆదివారం వస్తానని ఒప్పుకుని ఫోన్ పెట్టేసి చాలాసేపు దుకాణంలో పెన్నులు సర్దుతూ కూర్చున్నాను. సర్దాల్సిన అవసరం వాటికేమీ లేదు.

ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆ చర్చిలో నేను ఒక్క పాట కూడా పాడలేదు. ఆ కిటికీకి అద్దాలు లేవు. రెండు చెక్క రెక్కలు, అందులో ఒకటి ఊడిపోతే గోనెపట్టా కట్టారు. నేనున్నది కిటికీకి లోపల కాదు. బయట, కింద, మా పెరట్లో, ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ ఉన్నాను.

మా కిరాయి ఇంటి పెరటికి వెనుక గోడంటూ వేరే లేదు, చర్చి గోడే మా గోడ. రాతి గోడ, మనిషి రెండు చేతులు చాపినంత మందం అని బల్ల మీద చెప్పేవాణ్ణి గాని, ఒక మూర ఉంటుందేమో. దాని నీడలో మా అవ్వ, అంటే మా అమ్మ, ఇద్దరు అక్కలు, వాడకట్టు ఆడవాళ్ళు వరుసగా కూర్చుని బీడీలు చుట్టేవారు. రాత్రే తడిపి గోనెలో చుట్టిన ఆకు వాసన, చాటల్లో తంబాకు ఘాటు, వీటన్నిటి మీదా చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో వచ్చే చెరుకు మడ్డి వాసన. ఆ మడ్డి వాసన తియ్యగా మొదలై ముక్కు లోపలికి పోయేసరికి పులిసిపోతుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మేము ఏ రోజైనా అది రాకపోతే ఫ్యాక్టరీకి ఏమైందోనని భయపడేవాళ్ళం. రేకు అచ్చు ఆకు మీద పెట్టి కత్తెరతో దాని చుట్టూ కోయడం నా పని. చుట్టడం నా చేతికి రాలేదు. నేను చుట్టిన బీడీని అవ్వ వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, దీన్ని తాగినోడు కచేరికి పోయి మన మీద నాలిష్ జేస్తడు అనేది.

శనివారం పొద్దు వాలుతుండగా చర్చిలో పాటల సాధన మొదలయ్యేది. నేర్పేది సామ్యేలు సారు, బడిపంతులు. ఆయన పద్ధతి ఒకటుండేది. పాట కాగితం మీద పెట్టడు. నాలుగు గొంతుల వాళ్ళకు నాలుగు వరుసలు విడివిడిగా నోటితోనే నేర్పుతాడు. ఒక వరుస నేర్చుకునేటప్పుడు మిగతావాళ్ళు చర్చి ముందు వేపచెట్టు కిందికి పోవాలి. ఎవరి వరుస వాళ్ళది, పక్కవాడి వరుస చెవిన పడితే నీది చెడుతుందని ఆయన నమ్మకం. ఆడవాళ్ళు బలిపీఠం దగ్గర నిలబడేవారు, మాకు దూరం. కింది గొంతు వాళ్ళ నలుగురి చోటు వెనుక, సరిగ్గా మా కిటికీ దగ్గర. పైగా నలుగురిలో ఇద్దరికి పాట త్వరగా ఎక్కదు. దాంతో సారు వాళ్ళతోనే ఎక్కువసేపు కుస్తీ పట్టేవాడు. మాకు గోడకు ఇవతల అన్నిటికంటే స్పష్టంగా, అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడింది కింది గొంతే. పైగొంతులు వంటింటి పొగలా ఎక్కడో పైన తేలి పోయేవి.

మా బాపు సంతల్లో మిరపకాయలు అమ్మేవాడు. శనివారం సంత నుంచి వచ్చి మిగిలిన సంచులు కిటికీ కింద దించేవాడు. ఒకసారి పాట మధ్యలో లోపల నలుగురూ ఒకేసారి దగ్గడం మొదలుపెట్టారు. గోనెపట్టా పక్కకు జరిగి సామ్యేలు సారు తల బయటికి వచ్చింది. మిర్చి సంచులు జెర అవతల పెట్టుమని, తన బేసోళ్ళు దగ్గుకే తాళం వేస్తున్నారని బతిమాలాడు. బాపు భజనల్లో తాళాలు వాయించే మనిషి, పాట మధ్యలో దగ్గు ఎంత కష్టమో ఆయనకు తెలుసు. ఆ వారం నుంచి శనివారం వచ్చిందంటే సంచులు వీధి వైపు అరుగు మీదికి పోయాయి. ఒకసారి వానకు సగం తడిసినా అక్కడే ఉంచాడు. అవ్వ సతాయిస్తే, వాళ్ళకు మాటిచ్చిన అనేవాడు. నిజానికి ఎవరూ ఆయన్ని మాట అడగలేదు.

కోత పండుగ పాట సామ్యేలు సారు సొంతంగా కట్టింది. వరికోతలై చెరుకు నరకడం మొదలయ్యే వేళ చర్చిలో ఆ పండుగ. రైతులు వడ్ల మూటలు, గుమ్మడికాయలు, చెరుకు గడలు, కోళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. పాట మొదలు ఇలా ఉంటుంది: నీరు నీది, నేల నీది, నాటు వేసిన చెయ్యి నీది. పైగొంతు వాళ్ళు ఆ మాటలన్నీ పాడతారు. కింది గొంతు వాళ్ళకు సారు ఇచ్చింది ఒక్క మాటే. నీది, నీది, నీ... ది. మూడు మెట్లు దిగి, అక్కడ చతికిలబడి, లేవలేక లేచినట్టు ఒక మెట్టు ఎక్కి, మళ్ళీ దిగడం. అంతే పాట. మేము విన్నది అదే, కాబట్టి మాకు అదే పాట. వారాల తరబడి విని విని మా పెరడంతా దాన్ని పట్టుకుంది. ఆకు మడిచేటప్పుడు ఒక నీది, దారం చుట్టేటప్పుడు ఒక నీది, గోటితో మూతి ఒత్తేటప్పుడు పొడుగాటి నీ... ది. వీళ్ళు ఎవలికి ఏం ఒప్పజెప్తుండ్రో గని బీడీకి మంచిగ కుదిరింది అని అవ్వ నవ్వేది. పెద్దక్క పురిటికి వచ్చి బిడ్డను ఎత్తుకున్నాక అదే పాట ఉయ్యాల దగ్గరికి పోయింది. అవ్వ ఉయ్యాల తాడు లాగుతూ, తాడు ఆ కొసకు పోయి ఈ కొసకు వచ్చేదాకా ఒక్క నీదిని సాగదీసి పాడేది. పిల్ల రెండో చుట్టుకే పడుకునేది. మిగిలిన పాట మేము విని పడుకునేవాళ్ళం.

ఆ యేడు కోత పండుగకు ఇమ్మానుయేలన్న మా బాపును పిలిచాడు. బాపుకు భీమ్‌గల్ సంత ఉంది, తన బదులు నన్ను పంపాడు. చేతిలో ఒక మంచి గుమ్మడికాయ పెట్టి, ఉత్త చేతుల్తోని పోవద్దన్నాడు. అప్పటికి నాకు మీసాలు వచ్చాయి. చర్చి లోపలికి పోవడం మాత్రం అదే మొదటిసారి. చెప్పులు విప్పాలా వద్దా అని గడప దగ్గర నిలబడ్డాను. ఎవరో రమ్మని చేయి ఊపితే చివరి బల్ల మీద కూర్చున్నాను. పాట మొదలైంది. మన పాటే కదా, వాళ్ళతో పాటు నేనూ అందుకుందామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ముందు వరుసలోంచి మార్తమ్మ అక్క ఎత్తుకున్నది వేరే పాట. దాని పక్కన ఇంకొకటి. మగవాళ్ళలోంచి మరొకటి. మా పాట ఎక్కడా అని వెతుక్కున్నాను. ఉంది, అన్నిటికీ అడుగున. మా ఇంటి పాటను ఎవరో ఎత్తుకొచ్చి దాని మీద మూడు పాటలు పేర్చినట్టు అనిపించి ముందు కోపమొచ్చింది. ఆ కోపం రెండో చరణం దాకా కూడా నిలవలేదు. నాలుగు గొంతులూ నలుగురు మనుషులు నాలుగు బాటల్లో బయలుదేరినట్టు పోతున్నాయి. ఎవడికీ పక్కవాడి ధ్యాస లేనట్టే ఉంది. చివరికి ఒకే సంతలో ఒకే క్షణంలో కలుసుకున్నారు. నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. బాపు భజనలో ఒకరు పాడితే పదిమంది అందుకుంటారు, దాని సుఖం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇది ఆ సుఖం కాదు. పక్కవాడు పాడుతున్నది నేను పాడను, అయినా వాడు లేకపోతే నాది నిలబడదు. ఈ ముక్క ఇప్పుడు రాయగలుగుతున్నాను గాని, అప్పుడు తెలిసిందల్లా పాట అయిపోయాక కూడా గుమ్మడికాయ నా ఒళ్ళోనే ఉందని. దేవుని ముందు పెట్టడమే మర్చిపోయాను.

ఇంటికి ఉరికివచ్చి అవ్వకు చెప్పాను. మనం పాడేది పాట కాదే, అసలు పాట దాని పైన ఉందే అన్నాను. అవ్వ చేతిలో బీడీ ఆపలేదు.

"పైన ఇంకోటి ఉంటె ఉండనియ్. ఇంటికి కప్పు ఉండదా ఏంది. మనం కూసునేది గచ్చు మీద" అంది.

ఆ మీదట ఎన్ని శనివారాలు విన్నానో లెక్క లేదు. ఎప్పుడూ వినే గొంతు కిందే ఉన్నా, చెవి ఇక పైకి పాకేది. పొగలా వినబడే పైగొంతును ఒక్కో పోగు చొప్పున లాగి కింది గొంతుతో ముడివేయడం నా ఆట. అదే నా మూడేళ్ళ సంగీతం. తరువాత మేము నిజామాబాద్ వచ్చేశాం. ఫ్యాక్టరీ మూతపడింది, సైరన్ ఆగింది, క్వైర్‌లో వాళ్ళు బతుకుతెరువు వెతుక్కుంటూ తలో దిక్కుకూ పోయారు.

ఆదివారం రుద్రూర్ బస్టాండులో దిగితే ప్రశాంతి స్కూటీ మీద ఎక్కించుకుని పోయింది. దారికి రెండు వైపులా చెరుకు. ఇన్నేళ్ళ తరువాత కూడా నా ముక్కు మడ్డి వాసన కోసం వెతికింది. మార్తమ్మ అక్క వరండాలో మంచం మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. చూపు ఆనకపోయినా వేళ్ళు తప్పడం లేదు. నిజం చెప్పేయాలని బస్సులోనే గట్టిగా అనుకున్నాను. ఆమె నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

"వచ్చినవా లింబాద్రీ. కిటికీ అద్దాలు మోగిచ్చినోనివి నువ్వేనంట గద. ఏ కిటికీకి ఉండెర అద్దాలు?"

ప్రశాంతి ముఖం చూడలేక నేల చూశాను. పాడలే అక్కా, ఇన్న అంతే అన్నాను.

"ఎరుకనే. బేస్ పాడినోళ్ళందరు నాకెరుకే, అందరు పోయిండ్రు. ఇన్నోనివి నువ్వొక్కనివి బతికున్నవ్. గందుకే పిలిపిచ్చిన."

అప్పుడు ఆమె తన సంగతి చెప్పింది. అన్ని ఏళ్ళు ఒకే పాట ఇద్దరూ పాడారు గాని భర్త వరుస ఆమె ఎన్నడూ విడిగా వినలేదు. ఆమె ముందు, ఆయన వెనుక. వాళ్ళు నేర్చుకునే వేళ ఆడవాళ్ళంతా వేపచెట్టు కింద. కలిసి పాడేటప్పుడు తన గొంతే తన చెవుల్లో నిండేది. ఇంట్లో పాడమంటే ఆయన సిగ్గుపడేవాడట. ఒక్కన్ని పాడితె బండి లేకుంట ఎద్దు నడిసినట్టు ఉంటది అనేవాడట. ఆయన ఫోటో ఒకటి గోడ మీద ఉంది గాని అది ఇప్పుడు ఆమెకు కనబడదు. వినబడేది ఏదైనా ఉంటే, ఈ పాటలో ఆయన పాడిన ముక్క మాత్రమే మిగిలి ఉంది. అది కూడా పరాయి పెరట్లో.

పాడాను. మొదటిసారి నా పాత బుద్ధి ఊరుకోక, మెట్టు దిగే చోటల్లా ఒక వంపు కలిపాను. గా వంకరలు తీసెయ్యి, మా ఆయనకు గంత తెలివి లేకుండె అంది అక్క. రెండోసారి ఉన్నదున్నట్టు పాడాను, అవ్వ ఉయ్యాల తాడు పట్టుకుని పాడినట్టే, ఒక్కో నీదిని ఆ కొస నుంచి ఈ కొస దాకా. ప్రశాంతి ఫోన్‌లో పట్టుకుంది. అక్క చేతిలో పల్లికాయలు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఒకసారి అంది. మళ్ళీ పాడాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక నేను ఇన్నేళ్ళు చెప్పిన అబద్ధాలన్నీ ఒక్క మంచి పనికి పెట్టుబడి అయ్యాయని నాకు నేనే మాఫీ చేసుకున్నాను.

ఈసారి కింది గొంతు పాడబోయే పోరగాళ్ళు నలుగురూ నా పాటను ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నారు. సామ్యేలు సారుకు అదే పని నెలల తరబడి పట్టేది. ఎవరూ వేపచెట్టు కిందికి పోలేదు. అందరి వరుసలూ అందరి ఫోన్లలో ఉన్నాయి. నేను నేర్పిన నడకకు సరిపడేలా ప్రశాంతి కీబోర్డు వేగం తగ్గించి పెట్టింది. పండుగనాడు బోధన్ పోయి ముందు మా పాత పెరడు చూశాను. అక్కడ రెండంతస్తుల భవనం, కింద మొబైల్ దుకాణం. చర్చి కిటికీని ఇటుకలతో మూసేసి సున్నం కొట్టారు. ఇప్పుడు మైకులున్నాయి, పాట మూడు వీధుల అవతలికి వినబడుతుంది. ఆ మూడు వీధుల్లో బండి ఆపి వినేవాడు నాకు కనబడలేదు. కాని ముసలివాళ్ళం ఇలాంటివి అంటూనే ఉంటాం. అప్పుడు మాత్రం ఎవరు ఆపి విన్నారు, బీడీలు చుట్టే చేతులు ఏనాడూ ఆగలేదు. పైగా ఆ పోరగాళ్ళ గొంతులు శుద్ధంగా ఉన్నాయి. మిర్చి దగ్గు లేదు. మూసేసిన కిటికీ కింద, ఈసారి లోపలి వైపు, గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. నాలుగు గొంతులూ కలిశాయి. కింది గొంతు నా వీపులోంచి పోయింది. మా అవ్వ, అక్కలు, వాడకట్టంతా ఆ గోడ అవతల కూర్చున్నట్టే అనిపించింది. ముందు బల్ల మీద మార్తమ్మ అక్క తల వంచుకుని కూర్చుంది. పాట అయిపోయేదాకా ఎత్తలేదు. భర్త పక్కన కూర్చుని విన్నంత తృప్తి ఆ వంచిన తలలో నాకు కనిపించింది.

ఇంతవరకు రాసి ప్రశాంతికి పంపాను. అమ్మమ్మకు చదివి వినిపించమన్నాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. చేసింది ప్రశాంతి గాని మాట్లాడింది అక్క.

"ఏం రాసినవ్ర లింబాద్రీ. నేను ఏడ్వలే. ఆవులింతలకు కండ్ల నీళ్ళొచ్చినయ్, గవి తుడుసుకున్న. చర్చిల తల ఎందుకు ఎత్తలేదంటె, పండుకున్న. గది మా ఆయన పాట గాదు, మీ అవ్వ జోలపాట. గంత మెల్లగ పాడితె సామ్యేలు సారు బయటికి ఎల్లగొట్టేటోడు. మా ఆయన ఉరుకుతుండె. అందరి కంటె ముంగటనే ఆఖరి నీది అని నిలబడుతుండె. సారు ప్రతి శనివారం తిడుతుండె, ఇమ్మానుయేలూ, నీ ఎనుక ఎవలన్న తరుముతుండ్రా అని. తిన్నా ఉరుకుడే, నడిసినా ఉరుకుడే, పోవుడు గూడ గట్లనే పాయె. మెట్లన్ని సక్కగ నేర్పినవ్, గది నిజం. నడక మాత్రం తప్పు. వచ్చే కోత పండుగకు పోరగాళ్ళతోని జల్ది పాడిపియ్యి. నేను వస్త."